ప్రభుత్వ నిధులతో నడిచే పాఠశాలల పద్దులు: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత అకౌంటెంట్లకు ఆర్థిక, న్యాయ సమాచారం

ఆదోని, ఎమ్మిగనూరు (కర్నూలు జిల్లా): ప్రభుత్వ నిధులు పొందే పాఠశాలలకు లెక్కలు వ్రాసే అకౌంటెంట్లు, ఆడిటర్లు, ప్రధానోపాధ్యాయులు మరియు యాజమాన్య కార్యదర్శుల ఉపయోగార్థం గత కొన్ని సంవత్సరాలలో ఆర్థిక, పన్ను, విద్యా చట్టాలలో వచ్చిన ముఖ్యమైన మార్పులు ఈ వ్యాసంలో క్రోడీకరించబడినవి. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతపు పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని ఏ మార్పు ఏ పద్దుపై ప్రభావం చూపుతుందో వివరించడమైనది.

2022 ఏప్రిల్ 4వ తేదీన జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నంద్యాల ప్రత్యేక జిల్లాగా ఏర్పడగా, ఆదోని రెవెన్యూ డివిజన్ కర్నూలు జిల్లాలోనే కొనసాగినది. ఆదోని పత్తి వ్యాపారానికి, ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి గాంచిన పట్టణాలు. వీటి చుట్టూ ఉన్న కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, నందవరం, గోనెగండ్ల, హొళగుంద తదితర మండలాలు ప్రధానంగా వర్షాధార సేద్యంపై ఆధారపడినవి. ఖరీఫ్ పనులు ముగిసిన అనంతరం అనేక కుటుంబాలు మిరప కోత, పత్తి తీత పనుల నిమిత్తం గుంటూరు ప్రాంతానికి, ఇతర ప్రాంతాలకు వలస వెళ్ళడం ఏటా జరుగుతున్నది. దీనినే స్థానికులు సుగ్గికి పోవడం అంటారు. తల్లిదండ్రులతో పాటు పిల్లలు కూడా బడి విడిచి వెళ్ళడం ఈ ప్రాంతపు చిరకాల సమస్య.

ఈ సమస్యకు, పాఠశాల లెక్కలకు ప్రత్యక్ష సంబంధం గలదు. పాఠశాలకు వచ్చే నిధులలో అధిక భాగం విద్యార్థుల సంఖ్యను బట్టి నిర్ణయించబడుతుంది. సెప్టెంబరులో ఉన్న సంఖ్య జనవరిలో ఉండదు. కావున ఈ ప్రాంతంలో హాజరు పట్టిక కేవలం బోధనా రికార్డు మాత్రమే కాదు, అది ప్రతి చెల్లింపుకూ మూలమైన వోచరు. హాజరు పట్టికకూ నగదు పుస్తకానికీ పొంతన లేనప్పుడు అభ్యంతరం ఆడిట్‌తో ఆగదు. గ్రాంటు తగ్గుదల, వంట ఏజెన్సీ బిల్లుల నిలుపుదల రూపంలో అది పిల్లల వరకు చేరుతుంది.

పాఠశాలల యాజమాన్యాలు - వర్తించే నిబంధనలు

అకౌంటెంటు ముందుగా తేల్చుకోవలసినది పాఠశాల ఏ యాజమాన్యం క్రింద ఉన్నదన్న విషయం. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మండల పరిషత్, పురపాలక, ఎయిడెడ్ పాఠశాలలతో పాటు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, గురుకులాలు కూడా ప్రజాధనంతోనే నడుస్తున్నవి. అయినప్పటికీ వీటి పద్దుల విధానం, తనిఖీ చేసే సంస్థ ఒకటి కాదు.

జిల్లా పరిషత్, మండల పరిషత్, పురపాలక సంస్థల లెక్కలు 1989 నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఆడిట్ చట్టం క్రింద రాష్ట్ర ఆడిట్ శాఖ తనిఖీకి లోబడి ఉంటాయి. ప్రభుత్వ శాఖల లెక్కలను అకౌంటెంట్ జనరల్ కార్యాలయం తనిఖీ చేస్తుంది. ఎయిడెడ్ పాఠశాలలకు 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం, దాని క్రింద 1994 జనవరి 1న జీఓ ఎంఎస్ నెం.1 ద్వారా వెలువడిన ప్రైవేటు యాజమాన్య పాఠశాలల నియమావళి వర్తిస్తాయి.

ఆదోని, ఎమ్మిగనూరు రెండూ పురపాలక పట్టణాలు అయినందున 2022 జూన్ నాటి మార్పును ప్రత్యేకంగా గమనించాలి. ఆ నెలలో పురపాలక పాఠశాలల పర్యవేక్షణ బాధ్యత పాఠశాల విద్యాశాఖకు అప్పగించబడినది. తత్ఫలితంగా ఉత్తర్వు జారీ చేసే అధికారి, బిల్లు మంజూరు చేసే డ్రాయింగ్ అధికారి, ఆస్తి యజమాని వేర్వేరు కావచ్చును. ప్రతి రాబడి పద్దు ఎదుట ఉత్తర్వు సంఖ్య, తేదీతో పాటు దానిని జారీ చేసిన శాఖ పేరు కూడా వ్రాయడం శ్రేయస్కరం.

అట్లే 2022 జూన్ నాటి జీఓ 117 ప్రకారం కొన్ని ప్రాథమిక పాఠశాలల 3, 4, 5 తరగతులు ఉన్నత పాఠశాలలకు తరలించబడినవి. ఆ ఉత్తర్వు 2025 మే నెలలో రద్దయి, పాఠశాలల కొత్త వర్గీకరణ అమలులోకి వచ్చినది. ఈ రెండు మార్పుల సందర్భంలో తరగతులతో పాటు బల్లలు, వంట పాత్రలు, గ్రంథాలయ పుస్తకాలు, బ్యాంకు నిల్వలు కూడా చేతులు మారి ఉండవచ్చును. బదిలీ జాబితాపై ఇరువురు ప్రధానోపాధ్యాయుల సంతకాలు ఉన్నవో లేదో సరిచూసుకొని, స్టాకు రిజిస్టరులో తదనుగుణంగా నమోదు చేయాలి.

సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు

2018-19 నుండి అమలులో ఉన్న సమగ్ర శిక్ష పథకం క్రింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఆంధ్రప్రదేశ్‌లో 60:40 నిష్పత్తిలో నిధులు సమకూరుస్తాయి. ప్రభుత్వ పాఠశాలలకు ఇచ్చే కాంపోజిట్ స్కూలు గ్రాంటు వార్షిక పరిమితులు నమోదైన విద్యార్థుల సంఖ్యను బట్టి ఈ విధంగా ఉన్నవి.

30 మంది వరకు: రూ.10,000
31 నుండి 100 మంది వరకు: రూ.25,000
101 నుండి 250 మంది వరకు: రూ.50,000
251 నుండి 1,000 మంది వరకు: రూ.75,000
1,000 మందికి పైన: రూ.1,00,000

ఈ గ్రాంటులో కనీసం 10 శాతం స్వచ్ఛత పనులకు వినియోగించాలి. విద్యార్థుల సంఖ్యకు యూడైస్ ప్లస్ నమోదు ఆధారం. ఉదాహరణకు 256 మంది పేర్లు ఉన్న పాఠశాలలో ఆరుగురి పేర్లు తొలగితే సంఖ్య 250కి చేరి, గ్రాంటు పరిమితి రూ.75,000 నుండి రూ.50,000కు తగ్గుతుంది. ఆరుగురు పిల్లల పేర్లపై రూ.25,000 తేడా వస్తుంది. పాఠశాల విద్యుత్తు బిల్లు, సుద్దముక్కలు, మరుగుదొడ్ల శుభ్రత, చిన్న మరమ్మతులు ఈ గ్రాంటు నుండే జరగవలసి ఉన్నందున ఈ తేడా అల్పమైనది కాదు.

గ్రాంటు తగ్గుతుందన్న భయంతో లేని పిల్లల పేర్లు కొనసాగించడం గానీ, సుగ్గికి వెళ్ళిన పిల్లలను వెంటనే తొలగించడం గానీ సరియైనది కాదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఉచిత, నిర్బంధ విద్యా హక్కు చట్టంలోని 16వ సెక్షను ప్రకారం ప్రాథమిక విద్య ముగిసే వరకు ఏ బాలుడినీ, బాలికనూ పాఠశాల నుండి బహిష్కరించరాదు. 9వ సెక్షను వలస కుటుంబాల పిల్లల ప్రవేశాన్ని స్థానిక సంస్థ బాధ్యతగా పేర్కొన్నది. 5వ సెక్షను వేరొక పాఠశాలకు మారే హక్కు కల్పిస్తూ, బదిలీ పత్రం ఆలస్యమైన కారణంగా ప్రవేశం నిరాకరించరాదని స్పష్టం చేసినది.

అందువలన నమోదు, హాజరు అనే రెండు సంఖ్యలను వేర్వేరుగా నిర్వహించాలి. పేరు రిజిస్టరులో కొనసాగుతుంది. గైర్హాజరు ఏ రోజుకు ఆ రోజు నిజాయితీగా నమోదవుతుంది. పిల్లవాడు వలస వెళ్ళిన చోట వేరొక పాఠశాలలో చేరినట్లు సమాచారం అందినప్పుడు, ఆ తేదీ నుండి అతని పేరు అక్కడి లెక్కలోకి వెళుతుంది. ఒకే పిల్లవాడు రెండు చోట్ల లెక్కకు రాకుండా చూచుకోవాలి.

మధ్యాహ్న భోజన పద్దు

కాంపోజిట్ గ్రాంటు నమోదుపై ఆధారపడగా, మధ్యాహ్న భోజన వ్యయం రోజువారీ హాజరుపై ఆధారపడుతుంది. ఈ జాతీయ పథకానికి 2021 సెప్టెంబరులో పీఎం పోషణ్ అని నామకరణం జరిగినది. రాష్ట్రంలో 2020 జనవరి నుండి జగనన్న గోరుముద్దగా వ్యవహరించబడిన పథకం 2024 నుండి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనంగా కొనసాగుతున్నది. పాత వోచర్లలో పాత పేరు ఉండుట దోషం కాదు గాని, ఒకే ఆర్థిక సంవత్సరంలో రెండు పేర్లు ఉన్నప్పుడు అది ఒకే పథకమని పద్దు క్రింద వివరణ వ్రాయాలి.

2025 మే 1 నుండి అమలులోకి వచ్చిన కేంద్ర ప్రమాణాల ప్రకారం వంట సామగ్రి వ్యయం ప్రాథమిక తరగతులలో ఒక్కొక్క విద్యార్థికి రోజుకు రూ.6.78, ప్రాథమికోన్నత తరగతులలో రూ.10.17. అంతకు ముందు 2024 డిసెంబరు 1 నుండి ఇవి వరుసగా రూ.6.19, రూ.9.29గా ఉండేవి. బియ్యం ప్రాథమిక తరగతులకు రోజుకు 100 గ్రాములు, ప్రాథమికోన్నత తరగతులకు 150 గ్రాములు. రాష్ట్ర ప్రభుత్వం అదనంగా అందించే గ్రుడ్లు, చిక్కీ వంటి పదార్థాల వ్యయం, 9, 10 తరగతుల భోజన వ్యయం రాష్ట్ర ఉత్తర్వుల ప్రకారం వేరుగా లెక్కించాలి.

120 మంది హాజరయ్యే ప్రాథమిక పాఠశాలకు కేంద్ర ప్రమాణం మేరకు రోజుకు రూ.813.60 అవుతుంది. సుగ్గి కాలంలో హాజరు 80కి తగ్గితే రూ.542.40 మాత్రమే అవుతుంది. రోజుకు తేడా రూ.271.20 కాగా, నెలకు 22 పనిదినాలకు రూ.5,966.40. బియ్యం విషయంలో రోజుకు నాలుగు కిలోల చొప్పున నెలకు 88 కిలోల తేడా వస్తుంది. హాజరు తగ్గిన నెలలో పాత సంఖ్యతోనే బిల్లు సమర్పిస్తే ఈ మొత్తం అధిక చెల్లింపుగా వసూలుకు వస్తుంది. దీనికి విరుద్ధంగా మార్చి, ఏప్రిల్ నెలలలో కుటుంబాలు తిరిగి వచ్చి హాజరు పెరిగినప్పుడు, జనవరి సంఖ్యతో బిల్లు వ్రాసినందున వంట చేసే మహిళలు తమ చేతి సొమ్ముతో సరుకులు కొనవలసిన పరిస్థితి ఏర్పడుతుంది. రెండు తప్పులనూ నివారించేది రోజువారీ హాజరు మాత్రమే.

వంట, సహాయకుల సంఖ్య కూడా విద్యార్థుల సంఖ్యను బట్టియే ఉంటుంది. కేంద్ర ప్రమాణం ప్రకారం 25 మంది వరకు ఒకరు, 26 నుండి 100 మంది వరకు ఇద్దరు, ఆపై ప్రతి 100 మందికి మరొకరు చొప్పున ఉంటారు. గౌరవ వేతనాన్ని సరుకుల బిల్లుతో కలుపక వేరు పద్దుగా చూపాలి. వీరిలో అధికులు స్వయం సహాయక సంఘాల సభ్యులు. చెల్లింపు ఆలస్యమైనప్పుడు ఎన్ని రోజుల బిల్లు ఏ స్థాయిలో నిలిచినదో తెలిపే చిన్న పట్టిక పాఠశాలలో ఉండడం వారికి ఎంతో ఉపయోగకరం.

వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష క్రింద నడిచే సీజనల్ హాస్టళ్ల లెక్క వేరు. హాస్టలులో ఉండే పిల్లలకు ఉదయం, రాత్రి భోజనం హాస్టలు పద్దులో, బడి రోజున మధ్యాహ్న భోజనం పాఠశాల పద్దులో వ్రాయాలి. ఒక పూట భోజనాన్ని రెండు పద్దులలో చూపిన పక్షంలో అది రెండు సార్లు పొందిన మొత్తంగా పరిగణించబడుతుంది. హాస్టలు ప్రారంభ, ముగింపు తేదీలను, పిల్లల జాబితాను పాఠశాల హాజరుతో నెలకొకసారి సరిపోల్చాలి.

బ్యాంకు ఖాతాలు - సింగిల్ నోడల్ విధానం

పూర్వం గ్రాంటు మొత్తం పాఠశాల పొదుపు ఖాతాకు జమ అయి, ఖర్చు అయ్యే వరకు అక్కడే నిల్వ ఉండేది. కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ 2021 మార్చి 23న జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం 2021 జూలై 1 నుండి కేంద్ర ప్రాయోజిత పథకాలకు సింగిల్ నోడల్ ఏజెన్సీ విధానం అమలులోకి వచ్చినది. ఒక్కొక్క పథకానికి రాష్ట్ర స్థాయిలో ఒకే ఖాతా ఉంటుంది. క్రింది స్థాయి సంస్థలకు సున్నా నిల్వ ఉపఖాతాలు, వాటికి నిర్ణీత డ్రాయింగ్ పరిమితి ఉంటాయి. చెల్లింపులు పీఎఫ్ఎంఎస్ ద్వారా నేరుగా విక్రేత ఖాతాకు చేరతాయి. 2023 జూలైలో కేంద్రం ప్రకటించిన ఎస్ఎన్ఏ స్పర్శ్ విధానంలో చెల్లింపు అవసరమైన సమయానికే నిధి విడుదలవుతుంది.

ఈ మార్పు వలన మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, డ్రాయింగ్ పరిమితి అనేది రాబడి కాదు. పరిమితి మంజూరైన రోజున నగదు పుస్తకంలో జమ వ్రాయరాదు. దానికి ప్రత్యేక రిజిస్టరు ఉంచి, చెల్లింపు జరిగిన రోజున మాత్రమే రాబడి, ఖర్చు రెండూ చూపాలి. రెండవది, మార్చి 31 నాటికి వినియోగించని పరిమితి తరువాతి సంవత్సరానికి తనంతట తాను కొనసాగదు. మూడవది, పాత పొదుపు ఖాతాలలో మిగిలిన గ్రాంటు సొమ్ము, దానిపై వచ్చిన వడ్డీ పాఠశాల స్వంత ఆదాయం కాదు. 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోని 230వ నియమం ప్రకారం గ్రాంటుపై వడ్డీని ప్రభుత్వానికి తిరిగి చెల్లించాలి.

వినియోగ ధృవీకరణ పత్రంలో చూపిన మొత్తం, పీఎఫ్ఎంఎస్ నివేదికలోని మొత్తం, నగదు పుస్తకంలోని మొత్తం ఒకటిగా ఉండాలి. బ్యాంకు తిరస్కరించిన చెల్లింపులను ఖర్చుగా చూపడం తరచుగా జరిగే పొరపాటు. విక్రేత ఖాతా సంఖ్యలో ఒక అంకె తప్పినా చెల్లింపు తిరిగి వస్తుంది గనుక నెలాఖరున సరిపోల్చడం తప్పనిసరి.

ఎయిడెడ్ పాఠశాలల పరిస్థితి

2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థల విషయంలో ఉత్తర్వులు జారీ చేసినది. కళాశాలలకు సంబంధించి జీఓ 42 ఆగస్టు 10న, పాఠశాలలకు సంబంధించి జీఓ 50 ఆగస్టు 17న వెలువడినవి. దీనిపై రాష్ట్రంలో పలుచోట్ల నిరసనలు వ్యక్తమైనవి. అనంతరం 2021 నవంబరు 12న విడుదలైన మెమోలో యాజమాన్యాలకు నాలుగు ఐచ్ఛికాలు ఇవ్వబడినవి. అవి: ఆస్తులు, సిబ్బందితో సహా సంస్థను ప్రభుత్వానికి అప్పగించుట, సిబ్బందిని మాత్రమే అప్పగించి ప్రైవేటు అన్‌ఎయిడెడ్ సంస్థగా నడుపుకొనుట, యథాతథంగా ఎయిడెడ్‌గా కొనసాగుట, ఇంతకు మునుపు ఇచ్చిన సమ్మతిని ఉపసంహరించుకొనుట.

కావున ఎయిడెడ్ పాఠశాలకు సలహా ఇచ్చే అకౌంటెంటు ఆ యాజమాన్యం ఏ ఐచ్ఛికం తీసుకున్నదో, దానిపై తుది ఉత్తర్వు ఏమిటో పత్రరూపంలో తన దస్త్రంలో ఉంచుకోవాలి. వేతన గ్రాంటు ఏ తేదీ వరకు వచ్చినది, ఏ ఉద్యోగి ఏ తేదీన ప్రభుత్వ సర్వీసులో విలీనమైనదీ దాని ఆధారంగానే తేలుతుంది.

ఎయిడ్ నిష్పత్తి అనే ఒక లెక్క ఎయిడెడ్ పాఠశాలకు రెండు చోట్ల అవసరమవుతుంది. విద్యా హక్కు చట్టం 12వ సెక్షను ప్రకారం ఎయిడెడ్ పాఠశాల తన వార్షిక ఆవర్తక వ్యయంలో ప్రభుత్వ ఎయిడ్ ఎంత శాతమో అంత శాతం పిల్లలకు, కనీసం 25 శాతానికి తగ్గకుండా, ఉచిత విద్య అందించాలి. ఉదాహరణకు వ్యయం రూ.40 లక్షలు, ఎయిడ్ రూ.30 లక్షలు అయితే 75 శాతం పిల్లలు ఉచిత విద్యకు అర్హులు. అల్పసంఖ్యాక వర్గాల సంస్థలకు ఈ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014 మే 6న ప్రమతి కేసులో తీర్పు ఇచ్చినది. 2025 సెప్టెంబరు 1న మరొక ధర్మాసనం ఆ తీర్పు పునఃపరిశీలన అంశాన్ని విస్తృత ధర్మాసనం నిమిత్తం నివేదించినది. ఉర్దూ మాధ్యమం గల పాఠశాల అయినంత మాత్రాన అల్పసంఖ్యాక హోదా ఉన్నట్లు కాదు. హోదా ధృవపత్రం ఉన్నదో లేదో పరిశీలించాలి.

రెండవ చోటు ఆదాయపు పన్ను. 1961 చట్టంలోని 10వ సెక్షను (23సి) క్రింద, లాభాపేక్ష లేకుండా విద్య కోసమే ఉండి, ప్రధానంగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థ ఆదాయానికి మినహాయింపు ఉన్నది. విరాళాలతో సహా మొత్తం రాబడిలో ప్రభుత్వ గ్రాంటు 50 శాతానికి మించినప్పుడే ప్రధానంగా ప్రభుత్వ నిధులతో నడిచేదిగా పరిగణించాలని ఆదాయపు పన్ను నియమావళిలోని 2బిబిబి నియమం పేర్కొన్నది. ఉద్యోగ విరమణ చేసిన ఎయిడెడ్ ఉపాధ్యాయుల స్థానాలు భర్తీ కాని పాఠశాలలలో వేతన గ్రాంటు ఏటేటా తగ్గుతుంది. మొత్తం రాబడి రూ.30 లక్షలలో గ్రాంటు రూ.14 లక్షలకు చేరితే అది 46.7 శాతం మాత్రమే. సంస్థ నడిచే తీరులో ఏ మార్పు లేకున్నా మినహాయింపు ఆధారం మారిపోతుంది. అట్టి సంస్థ రాబడి రూ.5 కోట్లకు మించనప్పుడు వర్తించే వేరొక ఉపనిబంధనను, లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్‌ను ఆశ్రయించవలసి ఉంటుంది. అందుచేత ఈ శాతాన్ని ప్రతి సంవత్సరం లెక్కించి, యాజమాన్య సమావేశంలో నమోదు చేయించడం ఉచితం. మినహాయింపు ఉన్నప్పటికీ, మినహాయింపునకు ముందరి ఆదాయం పన్ను పరిమితి దాటితే రిటర్ను దాఖలు చేయవలసినదే.

పన్ను కోతలు, జీఎస్టీ

2025 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆదాయపు పన్ను చట్టం, 2025కు 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా నిర్ణయించబడినది. 2025-26 ఆర్థిక సంవత్సరం వరకు గల లెక్కలకు 1961 చట్టం, ఆ తరువాతి లెక్కలకు కొత్త చట్టం వర్తిస్తాయి. సెక్షన్ల సంఖ్యలు మారినందున పాత చలానా నమూనాలను యథాతథంగా వాడరాదు.

2025-26 సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో వేతన జీవులకు రూ.75,000 ప్రామాణిక తగ్గింపు ఉన్నది. పన్ను విధించదగిన ఆదాయం రూ.12 లక్షలు మించని వారికి రిబేటు కారణంగా పన్ను ఉండదు. ఉపాధ్యాయులు ఎంచుకున్న విధానాన్ని సంవత్సరారంభంలోనే లిఖితపూర్వకంగా తీసుకుంటే ఫిబ్రవరి వేతనంలో ఒక్కసారిగా అధిక కోత విధించవలసిన అవసరం రాదు.

కాంట్రాక్టు చెల్లింపులలో ఒక్క బిల్లు రూ.30,000 గానీ, సంవత్సరపు మొత్తం రూ.1,00,000 గానీ దాటినప్పుడు వ్యక్తులకు 1 శాతం, సంస్థలకు 2 శాతం మూలంలో పన్ను మినహాయించాలి. వృత్తిపరమైన రుసుములకు పరిమితి 2025 ఏప్రిల్ 1 నుండి రూ.50,000కు పెరిగినది. మినహాయించిన పన్నును తరువాతి నెల 7వ తేదీ లోగా, మార్చి నెలకు సంబంధించినది ఏప్రిల్ 30 లోగా చెల్లించాలి.

పాఠశాల విద్యార్థులకు, సిబ్బందికి అందించే సేవలపై జీఎస్టీ లేదు. ఉన్నత మాధ్యమిక స్థాయి వరకు పాఠశాలలకు ఇతరులు అందించే విద్యార్థుల రవాణా, భోజన సరఫరా, ఆవరణలో కాపలా, శుభ్రత సేవలకు కూడా మినహాయింపు గలదు. అయితే ప్రహరీ వెంబడి దుకాణాల గదులు నిర్మించి అద్దెకు ఇచ్చే యాజమాన్యాలు ఆ అద్దె విద్యాసేవ కాదని గుర్తించాలి. పన్ను విధించదగిన సేవలతో కూడిన మొత్తం టర్నోవరు రూ.20 లక్షలు దాటినప్పుడు రిజిస్ట్రేషన్ ప్రశ్న తలెత్తుతుంది. ప్రభుత్వ శాఖలు, స్థానిక సంస్థలు 2018 అక్టోబరు 1 నుండి పన్ను మినహా రూ.2.50 లక్షలు దాటిన కాంట్రాక్టులపై 2 శాతం జీఎస్టీ కోత విధించి, తరువాతి నెల 10వ తేదీ లోగా రిటర్ను సమర్పించవలసి ఉన్నది.

గ్రాట్యుటీ బాధ్యత

ఎయిడెడ్ పాఠశాలలలో ఎయిడ్ లేని పోస్టులలో పనిచేసే ఉపాధ్యాయుల గ్రాట్యుటీ యాజమాన్యం బాధ్యత. 2009 నాటి సవరణ ద్వారా 1997 ఏప్రిల్ 3 నుండి వర్తించేలా ఉపాధ్యాయులు గ్రాట్యుటీ చట్టం పరిధిలోకి తీసుకురాబడినారు. ఆ సవరణను సుప్రీంకోర్టు 2022 ఆగస్టు 29న సమర్థించినది. 2018 మార్చి 29 నుండి గరిష్ఠ పరిమితి రూ.20 లక్షలుగా ఉన్నది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చినందున, గ్రాట్యుటీ ఇప్పుడు సామాజిక భద్రతా స్మృతి పరిధిలోకి వచ్చినది. ఈ బాధ్యతకు ఏటా కొంత నిధి కేటాయించని యాజమాన్యం, ఉపాధ్యాయుడు విరమణ చేసిన సంవత్సరంలో ఫీజుల రాబడిని అంతా దానికే వెచ్చించవలసి రావచ్చును.

కమిటీలు, సమాచార హక్కు

విద్యా హక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగం మంది మహిళలు ఉండాలి. నిధుల వినియోగాన్ని పర్యవేక్షించుట ఈ కమిటీ విధి. 2019 నవంబరు 14న ప్రారంభమైన మనబడి నాడు-నేడు పనులలో సామగ్రి కొనుగోలు, కూలి చెల్లింపులు తల్లిదండ్రుల కమిటీల ఖాతాల ద్వారానే జరిగినవి. పని పూర్తయిన చోట, మధ్యలో ఆగిన చోట కూడా తీర్మానాల పుస్తకం, కొలతల పుస్తకం, మిగిలిన సిమెంటు, ఇసుము వంటి నిల్వల వివరం సరిచూసి లెక్క ముగించాలి. 2024 ఆగస్టులో కమిటీల ఎన్నికలు జరిగినందున, పాత కమిటీ నుండి కొత్త కమిటీకి అప్పగించిన పత్రం రికార్డులో ఉండాలి.

కమిటీలోని తల్లిదండ్రులు కూడా సుగ్గికి వెళ్ళే వారే కావచ్చును. సంతకం చేయవలసిన అధ్యక్షురాలు గుంటూరులో ఉన్నప్పుడు తీర్మానంపై వేరొకరు ఆమె పేరు వ్రాయడం తీవ్రమైన దోషం. ముఖ్యమైన తీర్మానాలను నవంబరు లోగా పూర్తిచేయడం, అధ్యక్షులు లేనప్పుడు ఉపాధ్యక్షులు నిర్వహించేలా ముందుగానే తీర్మానించుకొనడం ఇందుకు పరిష్కారం.

ప్రభుత్వ నిధులు గణనీయంగా పొందే విద్యాసంస్థలు సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 2019 సెప్టెంబరు 17న డీఏవీ కళాశాల ట్రస్టు కేసులో స్పష్టం చేసినది. కావున ఎయిడెడ్ యాజమాన్యాలు తమ గ్రాంటు, ఖర్చు వివరాలను కోరిన పౌరులకు అందించుటకు సిద్ధంగా ఉండాలి.

సంవత్సరంలో గుర్తుంచుకోవలసిన సమయాలు

ఏప్రిల్: గత సంవత్సరపు వినియోగ ధృవీకరణ పత్రాలు, పీఎఫ్ఎంఎస్ సరిపోలిక, మార్చి నెల పన్ను చెల్లింపు.
జూన్: పాఠశాలల పునఃప్రారంభం, ప్రవేశాలు, స్టాకు తనిఖీ.
సెప్టెంబరు 30: యూడైస్ ప్లస్ నమోదుకు ఆధార తేదీ. రిజిస్టరులోని పేర్లన్నీ చేరినవో లేదో సరిచూడాలి.
అక్టోబరు, నవంబరు: వలస వెళ్ళనున్న కుటుంబాల పిల్లల జాబితా, సీజనల్ హాస్టలు ఏర్పాట్లు, కమిటీ తీర్మానాలు.
డిసెంబరు: ఆర్థిక సంవత్సరం ముగియుటకు మూడు నెలల ముందుగా పాఠశాల అభివృద్ధి ప్రణాళిక సమీక్ష.
జనవరి, ఫిబ్రవరి: తగ్గిన హాజరు మేరకు భోజన బిల్లుల సరిపోలిక, ఉద్యోగుల పన్ను గణన.
మార్చి: తిరిగి వచ్చిన పిల్లల హాజరు, మిగిలిన పరిమితి వినియోగం, పద్దుల ముగింపు.

పై అంశాలలో రేట్లు, పరిమితులు ఎప్పటికప్పుడు మారే అవకాశం ఉన్నందున, బిల్లు తయారు చేసే నాటికి అమలులో ఉన్న ఉత్తర్వు ప్రతిని వోచరుకు జతపరచాలి. నిధులు మంజూరయ్యేది విద్యార్థి పేరు మీద గనుక, ఆ విద్యార్థి కోసిగిలో ఉన్నా, సీజనల్ హాస్టలులో ఉన్నా, గుంటూరు జిల్లా పాఠశాలలో ఉన్నా అతని భోజనం, అతని చదువు ఏదో ఒక పద్దులో, ఒక్కసారి మాత్రమే, సరిగా కనిపించవలెను. పశ్చిమ కర్నూలు పాఠశాలల అకౌంటెంట్లు ప్రతి నెలా ముందుగా హాజరు పట్టికను, ఆ తరువాతనే నగదు పుస్తకాన్ని పరిశీలించే అలవాటును పాటించవలసినదిగా కోరడమైనది.